సంగటిలోకి చెనక్కాయ గింజల గ్రేవీ ఇంట్లోనే ఎలా చేయాలి?

గ్రేవీ చిక్కగా రావాలంటే ఏం కలపాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. అడుగుతూనే నాలుగు పేర్లు వాళ్లే చెప్తారు: కార్న్‌ఫ్లోర్, మైదా, జీడిపప్పు, మీగడ. అనంతపురం, కడప, కర్నూలు వైపు వాళ్లు ఈ ప్రశ్న అడిగితే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఇంట్లో డబ్బా నిండా చెనక్కాయ (వేరుశనగ) గింజలు పెట్టుకుని జీడిపప్పు కోసం అంగడికి పోవడం ఏంటండీ?

ఇక్కడ చెప్పేది మన వైపు సంగటిలోకి, జొన్నరొట్టెలోకి చేసుకునే చెనక్కాయ గింజల గ్రేవీ. ఇది చేతికి అలవాటైతే గుత్తొంకాయ, గుడ్లు, నాటుకోడి, మునక్కాయ, ఏదైనా ఇందులోనే వేసుకోవచ్చు. హైదరాబాదు మిర్చీ కా సాలన్‌కూ, బఘారా బైంగన్‌కూ కూడా ఆధారం చెనక్కాయ గింజలు, నువ్వులు, కొబ్బెరే. మన గ్రేవీలో ధనియాలు, ఎండుమిరప కాస్త ముందుంటాయి, అంతే.

చిక్కదనం చివర్లో ఏదో కలిపితే వచ్చేది కాదు. గింజ ఎంత బాగా వేగింది, ఎంత మెత్తగా నలిగింది, రుబ్బిన ముద్ద నూనెలో ఎంతసేపు మగ్గింది, ఈ మూడు చోట్లే అది తేలిపోతుంది. అందుకే అక్కడ ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. తినేవాళ్లలో ఎవరికైనా వేరుశనగ పడదా అని అడగండి, ముఖ్యంగా కొత్త చుట్టాలు వచ్చినప్పుడు. చెనక్కాయ అలర్జీ ఉన్నవాళ్లకు ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. గింజలు మానేసి గానుగ నూనె వాడితే సరిపోతుందనుకోకండి. గానుగ నూనెలోనూ గింజలోని ప్రొటీన్ కొంత మిగిలే ఉంటుంది.

ఏమేం కావాలి

ఇది నలుగురికి సరిపోయే కొలత. చివరికి దాదాపు ముప్పావు లీటరు గ్రేవీ వస్తుంది.

రుబ్బడానికి:
- చెనక్కాయ గింజలు అర కప్పు (75 గ్రాములు)
- నువ్వులు 1 టేబుల్ స్పూన్
- ఎండుకొబ్బెర తురుము 2 టేబుల్ స్పూన్లు
- ధనియాలు 1 టేబుల్ స్పూన్
- జీలకర్ర 1 టీస్పూన్
- మెంతులు 6 నుంచి 8 గింజలు (స్పూన్లతో కాదు, గింజలు లెక్కపెట్టి వేయండి)
- లవంగాలు 3, చిన్న దాల్చినచెక్క ముక్క
- ఎండుమిరపకాయలు 9: ఆరు బ్యాడిగి రకం, మూడు గుంటూరు రకం
- ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, మధ్యరకం 2 (200 గ్రాములు)
- టమోటా 1
- తెల్లగడ్డ (వెల్లుల్లి) 8 రెబ్బలు, అంగుళం అల్లం

ఉడికించడానికి:
- చెనక్కాయ నూనె 4 టేబుల్ స్పూన్లు
- ఆవాలు అర టీస్పూన్, కరివేపాకు రెండు రెమ్మలు
- పసుపు పావు టీస్పూన్
- చింతపండు 20 గ్రాములు (చిన్న నిమ్మకాయంత)
- ఉప్పు ఒకటిన్నర టీస్పూన్
- బెల్లం చిన్న ముక్క, ఇష్టమైతేనే
- వేడినీళ్లు 600 మిల్లీలీటర్లు, పక్కన మరో గ్లాసు

మిరపకాయల గురించి ఒక మాట. బ్యాడిగి కాయ రంగుకు, గుంటూరు కాయ కారానికి. కర్నూలు జిల్లాలో మిరప వేసే రైతులు చాలామంది పంటను కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కే తోలతారు. కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు అంగళ్లలో ఆ కాయ దొరకడం కష్టమేమీ కాదు. దొరక్కపోతే గుంటూరు కాయలే ఐదు వేసుకోండి. రంగు కొంచెం తగ్గుతుంది, రుచికి లోటేం రాదు. మిరపకాయలు అసలు లేకపోతే రెండు టీస్పూన్ల కారంపొడి వాడొచ్చు, దాన్ని ఎప్పుడు వేయాలో ఆరో మెట్టులో చెప్తాను.

గిన్నె మందంగా ఉండాలి. ఇందులో చింతపండు ఉంది కాబట్టి కళాయి పూయని ఇత్తడి, రాగి గిన్నెలు వద్దు. ఇనుప బాణలిలో చేస్తే గ్రేవీ నల్లబడి ఇనుము రుచి వస్తుంది. అల్యూమినియం కూడా పులుపుకు మంచిది కాదు. మందపాటి స్టీలు గిన్నె గానీ, వాడి పదునెక్కిన మట్టి చట్టి గానీ తీసుకోండి. మట్టి చట్టి అయితే మంట ఒక్కసారిగా పెంచకండి, పగులుతుంది.

1. గింజలు ఏరండి

ఈ పని మానేసేవాళ్లే ఎక్కువ. అరకప్పు గింజల్లో చెడ్డ గింజ రెండున్నా మొత్తం గ్రేవీ చేదెక్కుతుంది. గింజల్ని పళ్లెంలో పలచగా పరచి చూడండి. ముడతలు పడి నల్లగా మారినవి, పచ్చగా గానీ బూడిదరంగులో గానీ బూజు పట్టినవి, పుచ్చినవి తీసి పారేయండి. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. మన పొయ్యి మీద వేయిస్తేనో, ఉడకబెడితేనో అది పోదు. కాబట్టి "వేయిస్తే సరిపోతుందిలే" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలి చూడండి. పాత నూనె వాసన వస్తే ఆ డబ్బా గింజలు గ్రేవీకి వద్దు. గింజలో దాదాపు సగం నూనే కాబట్టి, ఒలిచి ఎక్కువ రోజులు ఉంచితే ముక్కిపోతుంది. కాయల్నే నిల్వ పెట్టుకుని కావాల్సినప్పుడు ఒలుచుకుంటే ఈ బాధ ఉండదు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి 6 రకమా, ఇంకోటా అనే పట్టింపు గ్రేవీకి అక్కర్లేదు. గింజ కొత్తదై ఉంటే చాలు.

2. గింజల్ని సన్నమంట మీద వేయించండి

బాణలిలో నూనె వేయకుండా గింజలు పోసి సన్నమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు, గంటె ఆపకుండా తిప్పుతూ వేయించండి. మంట పెంచితే నాలుగు నిమిషాల్లోనే పైన మచ్చలు పడతాయి, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. అలాంటి గింజతో చేసిన గ్రేవీ ఎంత ఉడికించినా పచ్చివాసన పోదు, పైగా నోటికి జిగటగా తగులుతుంది.

వేగిందో లేదో ఇలా చూసుకోండి. ఒక గింజ తీసి చల్లారనిచ్చి రెండు వేళ్ల మధ్య రుద్దండి. పొట్టు ఇట్టే ఊడాలి. పప్పును రెండుగా విరిస్తే లోపల లేత బిస్కెట్ రంగు కనపడాలి. తెల్లగా ఉంటే ఇంకా వేగాలి, ముదురు గోధుమరంగుకు దిగితే మాడినట్టే. అలా మాడితే పారేసి మళ్లీ వేయించుకోవడమే మేలు, ఆ చేదును ఏ బెల్లమూ దాచలేదు.

సరైన రంగు రాగానే స్టవ్ ఆపితే సరిపోదు, గింజల్ని వెంటనే పళ్లెంలోకి పోసేయండి. బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా మాడిపోతాయి. చల్లారాక నలిపి, చెరిగి పొట్టు తీయండి. కొంచెం పొట్టు మిగిలినా నష్టం లేదు. పొట్టుతోనే రుబ్బితే రంగు ముదురుతుంది, కాస్త వగరు తగులుతుంది. నాకు పూర్తిగా తీసేస్తేనే ఇష్టం.

3. మిగతా దినుసులు విడివిడిగా

అన్నీ ఒకేసారి పోసి వేయిస్తే ధనియాలు వేగేలోపు నువ్వులు మాడిపోతాయి. ఇదే బాణలిలో ఈ వరసలో వేయించండి: ముందు ధనియాలు, లవంగాలు, చెక్క రెండు నిమిషాలు. అవి తీసేసి రెండు చుక్కల నూనెలో మిరపకాయలు ఒక నిమిషం, కాయ ఉబ్బి మెరుపు రాగానే తీసేయాలి. తర్వాత జీలకర్ర, మెంతులు అర నిమిషం. మెంతి గింజ ఎర్రబడగానే చాలు, నల్లబడితే చేదు. ఆ తర్వాత నువ్వులు, చిటపటలాడటం మొదలవగానే దించేయండి. చివరగా స్టవ్ ఆపేసి, బాణలి వేడికే కొబ్బెర తురుము వేసి తిప్పండి. కొబ్బెరకు మంట అక్కర్లేదు.

మిరపకాయలు వేయించేటప్పుడు కిటికీ తీసి పెట్టుకోండి. ఇంట్లో చంటిపిల్లలు గానీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు గానీ ఉంటే వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టండి.

ఈలోగా చింతపండును ఒక గ్లాసు వేడినీళ్లలో నానేసి పక్కన పెట్టుకోండి.

4. ఎర్రగడ్డ, టమోటా మగ్గించండి

బాణలిలో ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి, నిలువుగా సన్నగా తరిగిన ఎర్రగడ్డ, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు వేస్తే గడ్డలోని నీరు త్వరగా బయటికొచ్చి తొందరగా మగ్గుతుంది. మధ్యస్థ మంట మీద పది పన్నెండు నిమిషాలు పడుతుంది. అంచులు గోధుమరంగుకు తిరిగి, తియ్యటి వాసన రావాలి. అద్దంలా పారదర్శకంగా మారగానే దించేసేవాళ్లు ఉన్నారు. గ్రేవీలో పచ్చి ఉల్లి వాసన వస్తోందని అడిగేది కూడా ఎక్కువగా వాళ్లే.

తర్వాత తెల్లగడ్డ, అల్లం ఒక నిమిషం వేయించి, టమోటా ముక్కలు వేసి తడి ఆరేదాకా మగ్గించి చల్లార్చండి. మార్కెట్‌లో టమోటా ధర మండిపోతున్న రోజుల్లో దాన్ని పూర్తిగా వదిలేసి చింతపండు ఇంకొంచెం పెంచుకోండి. ఈ గ్రేవీలో టమోటా తప్పనిసరేం కాదు.

5. రుబ్బడం

గ్రేవీ బరకగా వచ్చిందని బాధపడేవాళ్లు ఈ మెట్టు రెండుసార్లు చదవాలి.

అన్నీ పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి. వేడిగా ఉన్నవి మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి కారం ముద్ద మొహం మీద పడుతుంది. ముందు ధనియాలు, మిరప, జీలకర్ర, మెంతులు, లవంగాలు, చెక్క మాత్రమే వేసి పొడి చేయండి. గట్టి దినుసులు ఇక్కడే నలగాలి. నీళ్లు పోశాక ధనియాల పొట్టు ఎంత తిప్పినా నలగదు.

పొడి అయ్యాక గింజలు, నువ్వులు, కొబ్బెర వేసి, ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పండి. ఆపకుండా తిప్పితే గింజల నూనె బయటికొచ్చి మొత్తం ఉండలా జార్ అడుగున అతుక్కుంటుంది. అలా అతుక్కుంటే టెన్షన్ పడక్కర్లేదు. రెండు స్పూన్ల నీళ్లు పోసి గీకి మళ్లీ తిప్పండి. ఇప్పుడు మగ్గించిన ఎర్రగడ్డ, టమోటా వేసి, 150 మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా రుబ్బండి.

ముద్దను కొంచెం తీసి బొటనవేలు, చూపుడువేలి మధ్య నలపండి. వేళ్లకు రవ్వలా తగిలితే ఇంకో నిమిషం తిప్పాలి. కాటుకలా జారితే సరిపోయింది. సంగటిని మనం నమలం కదా, ముద్ద చేసి గ్రేవీలో అద్ది మింగేస్తాం. బరక ఉంటే గొంతులో పట్టుకుంటుంది. జొన్నరొట్టెలోకి అయితే కొంచెం బరకగా ఉన్నా పర్లేదు, అక్కడ అదే బాగుంటుంది కూడా.

రుబ్బురోలు ఉన్నవాళ్లు రోట్లోనే రుబ్బుకోండి. ఇరవై నిమిషాల పని, చేతులు నొప్పెడతాయి, కానీ గింజ నూనె ముద్దలోనే ఉండి రుచి తేడా తెలుస్తుంది. రోట్లో కూడా వరస ఇదే, ముందు పొడి దినుసులు.

6. ముద్దను నూనెలో మగ్గించండి

గ్రేవీ మంచి చెడ్డ తేలేది ఇక్కడే. మిగిలిన మూడు స్పూన్ల నూనె గిన్నెలో కాగాక ఆవాలు చిటపటలాడించి, కరివేపాకు, పసుపు వేసి, మంట బాగా తగ్గించి ముద్ద వేయండి. ముద్దలోని తడి నూనెకు తగిలి చిమ్ముతుంది, చెయ్యి దూరంగా పెట్టి సగం మూత అడ్డం పట్టుకోండి. మిక్సీ జార్ కడిగిన నీళ్లు పారబోయకండి, తర్వాత వాడుకోవచ్చు.

సన్నమంట మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, అడుగు గీకుతూ తిప్పుతూ ఉండాలి. చెనక్కాయ ముద్ద అడుగంటడంలో ముందుంటుంది. ఈ సమయంలో ఫోన్ వస్తే మాట్లాడకండి, లేదంటే స్టవ్ ఆపి మాట్లాడండి. ముద్ద గిన్నె అంచులు వదిలి దగ్గరికి రావడం, రంగు ఒక మెట్టు ముదరడం, అంచుల వెంట ఎర్రటి నూనె బొట్లు బొట్లుగా ఊరడం, ఈ మూడు కనిపించేదాకా నీళ్లు పోయకండి.

కారంపొడి వాడేవాళ్లు దాన్ని ఈ మెట్టు చివరి నిమిషంలో వేయాలి. ముందే వేస్తే మాడి రంగు నల్లబడుతుంది.

నూనె ఊరడం లేదంటే మూడు కారణాలు ఉంటాయి. ముద్దలో నీళ్లు ఎక్కువై ఉండొచ్చు, అప్పుడు ఇంకొంచెంసేపు మగ్గిస్తే చాలు. నూనె మరీ తక్కువ పోసి ఉండొచ్చు. గింజలు సరిగా వేగి ఉండకపోవచ్చు. మొదటి రెంటికీ మందు ఉంది, మూడోదానికి లేదు.

7. వేడినీళ్లు, కొంచెం కొంచెంగా

నీళ్లు వేడిగానే ఉండాలి. చన్నీళ్లు పోస్తే మగ్గుతున్న ముద్ద చప్పబడి మళ్లీ ఉడుకు పట్టడానికి చాలా సేపు పడుతుంది, ఉండలు కూడా కడుతుంది. ముందు ఒక చిన్న గ్లాసు పోసి బాగా కలపండి. ముద్ద ఇంకా గట్టిపడినట్టు కనిపిస్తుంది, భయపడకండి, చెనక్కాయ ముద్దకు మొదటి నీళ్లు తగిలితే అలాగే బిగుస్తుంది. రెండో గ్లాసుకు వదులవుతుంది. అలా కలుపుతూ 600 మిల్లీలీటర్లు, జార్ కడిగిన నీళ్లతో సహా, పోసేయండి. ఈ దశలో ఇది పలచగానే కనపడాలి. ఇక్కడే చిక్కగా ఉంటే చివరికి పచ్చడైపోతుంది.

ఉప్పు వేసి ఒక ఉడుకు రానిచ్చి, మంట తగ్గించి, మూత సగం పెట్టి ఉడికించండి. మూడు నిమిషాలకొకసారి అడుగు దాకా గంటె పెట్టి కలపాలి.

ఒక హెచ్చరిక: టైమ్ కలిసొస్తుందని ఈ గ్రేవీని కుక్కర్‌లో పెట్టి విజిల్స్ వేయించకండి. చిక్కటి ముద్ద అడుగున పట్టి మాడుతుంది, పైన ఆవిరి పోయే రంధ్రం మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

8. పులుపు ఎప్పుడు వేయాలి?

పది నిమిషాలు ఉడికాక చింతపండు రసం పిండి, వడకట్టి పోయండి. ఒకేసారి మొత్తం పోయకుండా ముప్పావు వంతు పోసి, రుచి చూసి మిగతాది పోసుకోండి. పాత చింతపండు నల్లగా ఉన్నా కొత్తదాని కంటే పులుపు ఎక్కువ అనిపించొచ్చు, కొలతను గుడ్డిగా నమ్మొద్దు.

కూరగాయ ముక్కలు పచ్చివే వేస్తుంటే అవి మెత్తబడ్డాకే పులుపు. పులుపు తగిలాక వంకాయ, మునక్కాయ త్వరగా ఉడకవు, లోపల బిరుసుగా ఉండిపోతాయి. ఎంత ఉడికించినా ముక్క మెత్తబడలేదని అడిగేవాళ్ల గ్రేవీలో చింతపండు ముందే పడి ఉంటుంది.

పులుపు పడ్డాక ఇంకో పది నిమిషాలు సన్నమంట. బెల్లం వేసేవాళ్లు ఇక్కడ చిన్న ముక్క, వేరుశనగ గింజంత. తీపి తెలియకూడదు, పులుపు పదును తగ్గాలి, అంతే. కడప వైపు కొందరు బెల్లం పేరెత్తితేనే ఒప్పుకోరు, వాళ్లతో నాకు పోట్లాట లేదు.

9. అయ్యిందో లేదో చూసుకోవడం

పైన సన్నటి ఎర్రటి నూనె తేలాలి. ఆ తర్వాత రెండు పరీక్షలు.

గంటెను ముంచి తీసి, వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. గీత రెండు పక్కలా కలిసిపోకుండా నిలిస్తే సంగటికి సరైన పదును. వెంటనే కలిసిపోతే మూత తీసి ఇంకో ఐదు నిమిషాలు ఉడికించండి.

రెండోది పళ్లెం పరీక్ష. ఒక చుక్క స్టీలు పళ్లెంలో వేసి అర నిమిషం ఆగండి. చుక్క చుట్టూ నీటి వలయం విడిగా జారితే ముద్ద నీళ్లలో ఇంకా కలిసిపోలేదని అర్థం. అది పూర్తిగా ఉడకలేదు. చుక్క అలాగే నిలబడితే దించేయొచ్చు.

దించేటప్పుడు మీకు కావాల్సినదాని కంటే కొంచెం పలచగా ఉండగానే దించండి. పావుగంట ఆగితే ఇంకా చిక్కబడుతుంది. జొన్నరొట్టెకు, సజ్జరొట్టెకు ఇంకాస్త చిక్కగా, రొట్టె ముక్కతో తీసుకునేలా ఉండాలి. అన్నంలోకి అయితే 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు కలిపి ఒక ఉడుకు రానివ్వండి, ఉప్పు మళ్లీ చూసుకోవాలి.

ఇందులో ఏం వేసుకోవచ్చు?

గుత్తొంకాయ: చిన్న వంకాయలు 400 గ్రాములు, తొడిమె ఉంచి నాలుగు గాట్లు పెట్టి ఉప్పునీళ్లలో వేయండి, నల్లబడవు. విడిగా రెండు స్పూన్ల నూనెలో మూతపెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు మగ్గించి, ఏడో మెట్టులో నీళ్లు పోశాక గ్రేవీలో దింపండి. ముద్దలో రెండు స్పూన్లు తీసి గాట్లలో కూరితే ఇంకా మంచిది.

గుడ్లు: ఆరు ఉడికించి, పొట్టు తీసి, కత్తితో అక్కడక్కడా గాట్లు పెట్టి, చివరి ఐదు నిమిషాలు గ్రేవీలో ఉంచండి. ఎక్కువసేపు ఉడికిస్తే తెల్లసొన రబ్బరవుతుంది.

నాటుకోడి: మన వైపు సంగటికి జోడీ ఇదే. ముప్పావు కిలో నుంచి కిలో ముక్కల్ని పసుపు, ఉప్పు, స్పూన్ అల్లం తెల్లగడ్డ ముద్ద, 600 మిల్లీలీటర్ల నీళ్లతో కుక్కర్‌లో ఉడికించండి. లేత కోడికి ఐదారు విజిల్స్ చాలు, ముదురు కోడికి ఎనిమిది నుంచి పది పడతాయి. ముక్క ఎముకను వదులుతుందో లేదో చూసుకోండి. ఆ ఉడికిన నీళ్లనే ఏడో మెట్టులో మామూలు నీళ్లకు బదులు పోయండి. ఎముకల సారం దిగి ఉంటుంది కాబట్టి గ్రేవీకి ఇంకా పట్టు వస్తుంది. నాటుకోడి కొవ్వు వదులుతుంది కాబట్టి ఆరో మెట్టులో నూనె ఒక స్పూన్ తగ్గించుకోండి. ఉప్పు కూడా తగ్గించాలి, నీళ్లలో ఇప్పటికే ఉంది. పొట్టేలి మాంసానికీ ఇదే పద్ధతి. బ్రాయిలర్ కోడికి మాత్రం కుక్కర్ వద్దు, గ్రేవీలోనే ఇరవై నిమిషాలు ఉడికిస్తే చాలు, లేకపోతే పీచులు పీచులుగా విడిపోతుంది.

చెనక్కాయ పడనివాళ్లకు: గింజల బదులు నువ్వులు రెండు స్పూన్లు, కొబ్బెర నాలుగు స్పూన్లు, వేయించిన శనగపప్పు ఒకటిన్నర స్పూన్ వేయొచ్చు, నూనె పొద్దుతిరుగుడు వాడాలి. శనగపప్పు చాలా త్వరగా చిక్కబడుతుంది, అంతకు మించి వేయకండి. అయితే వేరుశనగ పడనివాళ్లలో కొందరికి నువ్వులు, పప్పులు కూడా పడవు. ఆ మనిషి ఏం తినగలరో డాక్టర్ చెప్పినదాని ప్రకారం వాళ్లనే అడిగి వేయండి.

ఎక్కువమంది అడిగే తప్పులు

పలచగా వచ్చింది. ముందు మూత తీసి పది నిమిషాలు ఉడికించండి, సగం కేసుల్లో ఇదే చాలు. అప్పటికీ రాకపోతే వేయించిన గింజలు రెండు స్పూన్లు మెత్తగా రుబ్బి, గ్రేవీలోని కొంచెం వేడి రసంతో పలచగా కలుపుకుని, అప్పుడు పోసి ఐదు నిమిషాలు ఉడికించండి. పొడిని నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. మైదా, కార్న్‌ఫ్లోర్ వేస్తే చిక్కబడుతుంది, నిజమే. కానీ చల్లారితే జిగురెక్కుతుంది, కారం పులుపు చప్పబడతాయి. ఈ గ్రేవీకి అవి అవసరం లేదు.

ఉప్పు ఎక్కువైంది. బంగాళదుంప ముక్కలు వేస్తే ఉప్పు పీల్చేస్తాయని అందరూ చెప్తారు. దుంప పీల్చేది తనతో వెళ్లే నీటిలో ఉన్నంతే, మిగిలిన గ్రేవీ ఉప్పదనం మారదు. ఉప్పు వేయని గింజల ముద్ద, వేడినీళ్లు కలిపి గ్రేవీ మొత్తాన్ని పెంచడమే దారి.

చేదుగా ఉంది. మాడిన నువ్వులో, మెంతులో, చెడ్డ గింజో కారణం. కొంచెం చేదైతే చిన్న బెల్లం ముక్క, ఇంకాస్త చింతపండు రసం సర్దుతాయి. గట్టి చేదైతే సర్దలేం.

అడుగంటింది. గీకకండి! పైనున్న గ్రేవీని కదపకుండా వేరే గిన్నెలోకి వంచేసుకోండి, అడుగున ఉన్నది అక్కడే వదిలేయండి. రుచి చూసి మాడు వాసన లేకపోతే కొత్త గిన్నెలో కొనసాగించొచ్చు.

పైన నూనె మరీ ఎక్కువ తేలింది. ఎక్కువసేపు ఉడికితే గింజల నూనె కూడా బయటికొస్తుంది. గంటెతో పైనుంచి తీసి దాచుకోండి, మరుసటి రోజు ఉగ్గాని తాలింపుకు వాడుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది.

కారం ఎక్కువైంది. నీళ్లు పోస్తే రుచి పోతుంది గానీ కారం అనుకున్నంత తగ్గదు. కొబ్బెర, గింజలు కలిపి రుబ్బిన ముద్ద రెండు స్పూన్లు వేయండి. తినేటప్పుడు సంగటి మీద నెయ్యి వేసుకోండి.

దాచుకోవడం

ఆరో మెట్టు దాకా చేసిన ముద్దను నీళ్లు పోయకుండా చల్లార్చి, పొడి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు, ఫ్రీజర్‌లో నెల రోజులు బాగుంటుంది. ఉద్యోగాలకు పోయేవాళ్లకు ఇది మంచి సౌకర్యం. ఆదివారం రెండింతలు చేసి పెట్టుకుంటే వారం మధ్యలో వేడినీళ్లు, చింతపండు కలిపి పావుగంటలో గ్రేవీ అవుతుంది. తడి చెంచా పెట్టకండి.

ఉడికిన గ్రేవీ ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. కోడి, గుడ్లు వేసినదైతే రెండు రోజుల్లో తినేయండి. మన ఎండల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, వండిన గిన్నెను స్టవ్ మీదే గంటకు మించి వదలొద్దు. చల్లారేదాకా ఆగుదామని రాత్రంతా బయట పెడితే పొద్దునకు పులిసిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గట్టిగా గడ్డకట్టి, పైన నూనె పొరతో ఉంటుంది, పాడైందనుకోకండి. అర గ్లాసు వేడినీళ్లు పోసి, సన్నమంట మీద కలుపుతూ మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా మరిగించండి. తినేంత మాత్రమే తీసి వేడిచేసుకోండి, గిన్నె మొత్తాన్ని మళ్లీ మళ్లీ మరిగించకండి.